అడుగున కొడవలి గీత

థర్మన్ ఆస్ట్‌బీ పోయాడని మా ఊరి వారపత్రిక నాలుగు వాక్యాలు వేసింది. రైలు పట్టాల మీద ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడట, చర్చి గంట బాగుచేశాడట, భార్య ఆర్డిత్ చాలా ముందే పోయిందట, పిల్లలు లేరట. అంతా నిజమే. కానీ సేజ్ క్రీక్ లోయలో రివాల్వర్ పట్టిన ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు వాడు పోసిన సీసపు గుండునే కాల్చాడని ఆ పత్రికవాళ్ళకి తెలియదు. తెలిసినవాణ్ణి నేనింకా బతికే ఉన్నాను కాబట్టి మిగతాది రాస్తున్నాను.

రాస్తున్నది ఎవరో కూడా తెలియాలి కదా. నా పేరు మెర్ల్ హాస్కెట్. ఒకే గది ఉన్న బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. జిల్లా రివాల్వర్ పోటీలో పన్నెండుసార్లు మొదటి బహుమతి నాది. మా తుపాకీ సంఘానికి పందొమ్మిదేళ్ళు అధ్యక్షుణ్ణి. కంకర గోతిలో మేము గురి చూసుకునే చోట ఉన్న రేకుల షెడ్డు నా చేతులతో వేసిందే, నేటికీ ఒక్క మేకు ఊడలేదు. అరవై నాలుగు నాటి మంచు తుఫానులో రెండు వందల గొర్రెల్ని ఒక్కటి పోకుండా కొట్టానికి తోలుకొచ్చాను. ఆ బడిలో నా పక్క బల్లమీద కూర్చున్నవాడు థర్మన్.

వాడికి ఎడమ చేతికి మూడు వేళ్ళే. రెండు పట్టాల కింద పోయాయి. ఆ మూడు వేళ్ళతోనే గుండ్లు పోసే అచ్చు పట్టుకునేవాడు. ఇంటి కింద నేలమాళిగలో ఒక బల్ల, కరెంటు పొయ్యి మీద ఇనప కుండ, గోడకి వరసగా అచ్చులు. టైర్ల దుకాణాల్లో పారేసే తూకపు ముక్కలు, మూతబడ్డ అచ్చాఫీసు అక్షరాలు, పాత ఇళ్ళ నీటి గొట్టాలు, ఏ సీసమైనా వాడి ఇంటికే చేరేది. కుండలో కరిగాక కొవ్వొత్తి ముక్క వేసి కలిపేవాడు; పొగ లేచి మడ్డి పైకి తేలేది. గరిటెతో అచ్చులో పోసి, పైపలకని కొయ్య సుత్తితో తట్టి, తెరిచి తడి తువ్వాలు మీద దులిపేవాడు. గుండు ముడతలు పడితే వేడి చాలలేదని, బూడిద పూసినట్టుంటే ఎక్కువైందని, రెండింటినీ మళ్ళీ కుండలోకే విసిరేవాడు. ఆర్డిత్ పోయిన తర్వాత వాడికి ఉన్నదల్లా ఆ బల్లే. ఆదివారం మధ్యాహ్నాలు మేమంతా ఆ మెట్లు దిగి కాఫీ తాగుతూ కూర్చునేవాళ్ళం. ఆ బల్ల లేకపోతే ఆ మెట్లు దిగడానికి ఎవరికీ పని ఉండేది కాదు.

ఇక జరిగింది చెబుతాను. ఇరవై రెండేళ్ళ కిందటి సెప్టెంబరు.

మా షెడ్డులో ఒక కాఫీ డబ్బా ఉంటుంది. దాన్ని పొరుగు డబ్బా అంటాం. పోటీ అయ్యాక ఎవరి దగ్గర మిగిలిన తూటాలు వాళ్ళు అందులో వేస్తారు. ఎవరికైనా తక్కువ పడితే అడగక్కర్లేదు, తీసుకోవచ్చు. నింపేది ఎక్కువగా థర్మనే, ఇత్తడి గుల్లలో పేలుడు మందు పోసి మూతికి సీసపు గుండు బిగించి తూటాలు కట్టేవాడు.

ఆ రోజు స్కూలు బస్సు నడిపే లోర్నా ప్రూయిట్‌కి ఆఖరి వంతులో ఆరు తక్కువ పడ్డాయి. డబ్బాలోంచి తీసుకుంది. వాళ్ళ నాన్న రివాల్వర్ అది. రెండు బాగానే పేలాయి. మూడోది సీసా మూత తీసినట్టు 'టప్' మంది, అంతే. టైము నడుస్తోంది, ఆమె వేలు మళ్ళీ బిగుసుకుంటోంది.

"ఆపు! లోర్నా, వేలు తియ్యి!" అని అరిచాను. ఆ అరుపు వాగు అవతల గొర్రెలక్కూడా వినిపించి ఉంటుంది.

ఆపింది. విప్పి చూస్తే గుండు గొట్టంలో అంగుళం లోపల ఇరుక్కుని ఉంది. తూటాలో మందు లేదు. అడుగున ఉండే చిన్న టోపీ ఒక్కటే పేలి దాన్ని అంతవరకు నెట్టింది. ఇంకొక్కసారి నొక్కి ఉంటే గొట్టం చీలి ఆమె చెయ్యి పోయేది. అందరూ నా వీపు తట్టారు. ఆ వారం పత్రికలో నా ఫొటో వేశారు, అది ఇప్పటికీ ఉంది.

అందరూ నన్ను తడుతుంటే థర్మన్ మాత్రం వచ్చి లోర్నా చేతిలోంచి రివాల్వర్ తీసుకున్నాడు.

"మా ఇంట్లో గొట్టంలో దూరే కర్ర ఉంది. గుండు తీసి సోమవారం ఇచ్చేస్తా," అన్నాడు.

పోతూ పోతూ పొరుగు డబ్బా కూడా చంకలో పెట్టుకున్నాడు.

"అదెందుకురా?" అన్నాను.

"చూడాలి," అన్నాడు, నడుస్తూనే.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. తప్పు చెయ్యని మనిషికి అంత తొందరెందుకు? ఆ ఏడాది వాడి కుడి కంట్లో పొర వస్తోందని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. పొర ఉన్న కన్ను మందు పడని గుల్లని ఎలా కనిపెడుతుంది?

సోమవారం రివాల్వర్ ఇచ్చాడు. గుండు ఇవ్వలేదు. లోర్నా అడిగితే, "అది నా దగ్గరుండనీ అమ్మా," అన్నాడట. డబ్బా షెడ్డుకి తిరిగి రాలేదు. నేను వాడి ఇంటి ముందు నుంచి రెండుసార్లు బండి నడిపాను. రెండుసార్లూ నేలమాళిగ కిటికీకి గోనెగుడ్డ కట్టి ఉంది. అరవయ్యారేళ్ళ జీవితంలో వాడు ఆ కిటికీకి గుడ్డ కట్టగా నేను చూడలేదు. ఆదివారం వచ్చింది. ఒక్కడూ ఆ మెట్లు దిగలేదు.

అక్టోబరు మొదటి శుక్రవారం చర్చి హాల్లో సంఘం భోజనం, ఆ తర్వాత ఓటు. థర్మన్ ఇక ఎవరికీ తూటాలు కట్టకూడదు, డబ్బా ముట్టకూడదు అన్నది తీర్మానం. చదవాల్సినవాణ్ణి నేను. కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. కానీ చేతిలో రుజువు లేకుండా చదవడం నా పద్ధతి కాదు. శుక్రవారం పొద్దున్నే వాడింటికి వెళ్ళాను.

మెట్లు దిగేసరికి వాడు త్రాసు ముందు కూర్చుని ఉన్నాడు. బల్లమీద పొరుగు డబ్బా బోర్లించి ఉంది. తూటాలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడా రావడం? పందొమ్మిది రోజులు పట్టిందా నీకు?" అన్నాడు తల ఎత్తకుండానే.

"కిటికీకి ఆ గుడ్డేమిటి?"

"ఎండ త్రాసు మీద పడి ముల్లు కనబడట్లేదు. నా కన్ను సంగతి నువ్వే ఊరంతా చెప్పావుగా."

"గుండు ఏదిరా?"

"ఏ గుండు?"

"ఆటలొద్దు. లోర్నా గొట్టంలోంచి తీసింది."

"చూస్తావా? చూశాక చూడనట్టు ఉండలేవు, ఆలోచించుకో."

"దాచింది నువ్వు. నాకెందుకు ఆలోచన?"

వాడు కిటికీ గట్టు మీది అగ్గిపెట్టె తీసి నా ముందుకి తోశాడు. తెరిచాను. గుండు చుట్టూ గొట్టం గాట్లు పడి ఉన్నాయి. అడుగు మాత్రం నున్నగా, అచ్చులోంచి ఇప్పుడే తీసినట్టుంది. దాన్ని తిప్పి వెలుతురుకి పట్టాను. అడుగున ఒక పక్కగా వెంట్రుకంత మందాన కొడవలిలా వంగిన గీత ఉబ్బి ఉంది.

డెబ్బై ఒకటిలో నా అచ్చు పైపలక బిగుసుకుపోతే తొందరపడి స్క్రూ డ్రైవరుతో ఎత్తాను. గుండు అడుగు ఆనేది ఆ పలక కిందే, అక్కడ గీత పడింది. ఆ నాటి నుంచీ నేను పోసిన ప్రతి గుండు అడుగునా ఆ కొడవలి ఉంటుంది. అప్పటిదాకా వచ్చిన పదకొండు బహుమతులూ దానితోనే గెలిచాను. దాన్ని కొత్త పలకతో మార్చమని వాడు నన్ను ఎన్నిసార్లు వేడుకున్నాడో. నా సంతకం అని చెప్పి నవ్వేవాణ్ణి.

నాకు వచ్చిన మొదటి ఆలోచన రాయకుండా ఉండను. వీడు నా ఇంట్లో దూరి నా గుండు తెచ్చి ఇందులో పెట్టాడు అనుకున్నాను.

"ఇది నువ్వు మార్చావు," అన్నాను.

"అలాగా? మరి ఇవి కూడా నేనే మార్చానేమో చూడు." వరసల పక్కన విడిగా మూడు తూటాలున్నాయి. "డబ్బాలో నూట నలభై ఒకటి ఉన్నాయి. అన్నీ తూచాను. ఈ మూడే తేలిక. నేను ముట్టుకోలేదు. నువ్వే ఊడదియ్యి."

గుండు ఊడదీసే పనిముట్టు కొయ్య సుత్తిలా ఉంటుంది. తూటాని దాని తలలో బిగించి నేలకేసి కొట్టాలి. మూడూ నేనే కొట్టాను. మూడిట్లోంచీ గుండు ఊడిపడింది, ఒక్క రవ్వ మందు రాలలేదు. మూడిటి అడుగునా కొడవలి. థర్మన్ వాటినీ ఏరి అగ్గిపెట్టెలో వేశాడు.

"నేను తప్పు చెయ్యను. నా బల్ల మీద ఖాళీ గుల్ల మూతి కిందికి ఉంటుంది, మందు పోసేటప్పుడే పైకి తిప్పుతాను. నలభై ఏళ్ళ పద్ధతి," అన్నాను.

"నాకు తెలుసు. నేర్పింది నేనేగా. నువ్వు తిప్పకపోతే ఇంకో చెయ్యి తిప్పి ఉండాలి. ఇంటికెళ్ళి బర్నీస్‌ని అడుగు."

మా ఆవిడ బర్నీస్ వంటింట్లో ఆపిల్స్ తరుగుతోంది. అడిగితే కత్తి కూడా ఆపలేదు.

"మార్చిలో ఆ ఎర్రావు ఈనలేక తన్నుకుంటుంటే బల్ల వదిలేసి పరిగెత్తలేదూ నువ్వు? దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి చివర నాలుగు ఇత్తడి గొట్టాలు పడ్డాయి. తీసి నిలబెట్టాను."

"ఎలా నిలబెట్టావు?"

"ఎలా ఏమిటి ముసలాయనా, కప్పులు ఎలా నిలబెడతారు? మూతి పైకి. ఎందుకు, ఏమైంది?"

ఏం చెప్పను? దూడని బతికించి వచ్చాను ఆ రోజు. వెనక కాళ్ళు ముందు వచ్చిన దూడని డాక్టరు లేకుండా తీశాను. ఆ సంతోషంలో కూర్చుని, మూతి పైకి ఉన్నవాటన్నిటికీ వరసగా గుండ్లు బిగించేశాను. దీపం పెట్టి లోపలికి ఒక్కసారి చూడాలి. రెండోసారి చూడక్కర్లేని చెయ్యి నాదని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. మే నెల పోటీలో మిగిలినవి డబ్బాలో వేసింది కూడా నేనే.

మళ్ళీ థర్మన్ దగ్గరికి వెళ్ళాను.

"మొదటి రోజే తెలుసా నీకు?"

"గుండు తీసిన నిమిషంలో."

"మరి నోరు మూసుకుని ఎందుకున్నావు? నన్ను ఈ రాత్రి అందరి ముందూ పట్టించాలనా?"

వాడు త్రాసు మీద గుడ్డ కప్పి నావైపు తిరిగాడు. "మెర్ల్, నేను చెబితే ఏమంటారు? కళ్ళు పోయిన ముసలాడు తప్పించుకోడానికి పదకొండు బహుమతులవాడి మీద తోస్తున్నాడంటారు. నువ్వే అంటావు ముందు. ఇందాక అన్నావు కూడా. ఇది నీ నోటినుంచి వస్తేనే నిజం."

"నేను చెప్పకపోతే?"

"ఈ బల్ల అమ్మేస్తా. నువ్వే కొనుక్కో, పలక బాగున్న అచ్చు ఒక్కటైనా ఉంటుంది నీకు."

నవ్వలేదు వాడు. నేనూ నవ్వలేదు.

హాల్లో ఆ సాయంత్రం జింక మాంసం కూర, మొక్కజొన్న రొట్టె. థర్మన్ తలుపు దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. పక్క కుర్చీలు రెండూ ఖాళీ. నేను తిన్నదాని రుచి తెలియలేదు. వాడు ఎందుకు అంత నిమ్మళంగా ఉన్నాడు? జేబులో అగ్గిపెట్టె ఉందా? నేను తీర్మానం చదవగానే లేచి దాన్ని బల్లమీద బోర్లిస్తాడా? నలభై మంది ముందు లేచాను. జేబులోంచి కాగితం తీశాను. వాడి జేబువైపే చూశాను. అప్పుడు వాడు రెండు చేతులూ బల్లమీద పెట్టాడు, ఎనిమిది వేళ్ళూ కనబడేలా.

కాగితం మడిచేశాను.

"లోర్నా చేతికి వచ్చిన ఖాళీ తూటా థర్మన్‌ది కాదు, నాది," అన్నాను. కొడవలి గీత సంగతి, ఆవు సంగతి, మూతి పైకి నిలబెట్టిన గుల్లల సంగతి అన్నీ చెప్పాను. బర్నీస్ పేరు ఎత్తలేదు. దీపం పెట్టి చూడాల్సిన పని నాది. ఒక్క ఏడాది నేను డబ్బాలో చెయ్యి పెట్టనని కూడా నేనే అన్నాను, ఎవరూ అడగకముందే. ఆ హాల్లో అలా లేచి నిలబడి చెప్పినవాడు నాకు ముందు లేడు, తర్వాతా లేడు.

లోర్నా లేచింది.

"పెద్దాయనా, మీ తూటా నా చెయ్యి తియ్యబోయింది, మీ అరుపు ఆపింది. సరికి సరి. కానీ ఆ అరుపు మాత్రం కొంచెం తగ్గించండి, నా చెవి ఇంకా మోగుతోంది."

హాలంతా నవ్వింది. మా ఊరి పళ్ళ డాక్టరు తన పళ్ళెం పట్టుకెళ్ళి థర్మన్ పక్క కుర్చీలో కూర్చున్నాడు. రెండో కుర్చీలో లోర్నా. ఓటు లేదు.

బయట బండ్ల దగ్గర థర్మన్ నా కోసం ఆగాడు.

"ఆదివారం రా. నా బల్ల పక్కన ఇంకో కుర్చీ ఉంది. ఆ ఏడాది అక్కడ కూర్చుని కట్టుకో."

"నువ్వు నన్ను కాపలా కాస్తావన్నమాట."

"ఒంటికన్నుతో."

వెళ్ళాను. ఏడాది కాదు, ఇరవై రెండేళ్ళు వెళ్ళాను. ఆ కుర్చీలో కూర్చునే పన్నెండో బహుమతి గెలిచాను, కొత్త పలకతో పోసిన గుండ్లతో. కిటికీకి గోనెగుడ్డ తీసేశాడు. గట్టు మీద అగ్గిపెట్టె మాత్రం అలాగే ఉండేది. ఇవ్వమంటే ఇవ్వడు, పారెయ్యమంటే పారెయ్యడు. కొత్తవాళ్ళెవరైనా మెట్లు దిగినప్పుడు అది ఒక అంగుళం ముందుకి జరిగి ఉండేదని నాకు ఇప్పటికీ అనుమానమే. పోయే ముందు వాడు ఆ బల్లని నాకు రాశాడు. వాడు పోయాక అగ్గిపెట్టె తెరిచి చూశాను. నాలుగు గుండ్లు ఉండాలి. మూడే ఉన్నాయి. నా కొడవలి ఉన్న ఆ నాలుగోది ఎవరికిచ్చాడో ఇంకా వెతుకుతున్నాను.