నేనమ్మిన ఎలుకల మందు

ఆ పిల్లిని ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు తెచ్చింది నా భార్య. మూతకు తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్టను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. దారి పొడుగునా పిల్లిపిల్ల అరుస్తూనే ఉంది. నేను మాత్రం నాకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాను.

తెల్లటి ఒంటి మీద బూడిదరంగు మచ్చలు. నా భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషన్ కింద గుడ్డపీలికల్లో అది పడుకునేది. దానికి మేము పేరు పెట్టలేదు. "ఏమే" అంటే వచ్చేది.

పెరిగేకొద్దీ గడప దాటడం మొదలుపెట్టింది. పొద్దున పాలు తాగి గోడెక్కిందంటే మళ్లీ ఎండ ముదిరాకే రావడం. ఒకసారి చెవి చీలి వచ్చింది. ఇంకోసారి మోటార్‌సైకిల్ తగిలిందో, కుక్కలు తరిమాయో, వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చి మంచం కింద దూరింది. రెండు రోజులు బయటికి రాలేదు. ఆ రెండు రోజులూ నా భార్య మిషన్ తొక్కలేదు.

"ఇంక దీన్ని బయటికి వదలొద్దు. తలుపేసి పెడదాం," అంది.

"తలుపేసి పెంచేదానికి అదేమన్నా చిలకా? పిల్లి అన్నాక తిరగతాది," అన్నాను. కాలు కుదుటపడ్డాక తలుపు తీసింది కూడా నేనే.

నేను బజారులో ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్టులో గుమాస్తాను. మా పక్కింటి పెద్దాయనకు చేజర్ల వైపు పొలం ఉంది. కోతలయ్యాక తిండికి కావలసిన వడ్లు ఇంటి ముందుగదిలో వేయిస్తాడు. ఆ ఏడు ఎలుకలు బస్తాలు కొరికేస్తున్నాయని కొట్టుకు వచ్చాడు.

"మంచి మందుంటే ఇయ్యబ్బయా. బోనుకి పడేవి కావు ఇవి."

నీలం బిళ్లలు తీసిచ్చాను. అందరికీ చెప్పేదే ఆయనకూ చెప్పాను. "తిన్నెంటనే చావవు. నాలుగు రోజులు మత్తుగా తిరగతాయి. అందుకే మిగతావాటికి అనుమానం రాదు." ఆ మాట చెప్పేటప్పుడు నాకెప్పుడూ కాస్త గర్వంగా ఉండేది. మత్తుగా తిరిగే ఎలుక ఎవరి నోట పడుతుందో ఆ రోజు తట్టలేదు. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ.

వారం తిరక్కముందే పిల్లి పాలు ముట్టడం మానేసింది. మర్నాడు పొద్దున అది పడుకున్న పీలికల మీద నెత్తురు చుక్కలు కనిపించాయి. ముక్కులోంచి కారుతోంది. చూడగానే నాకు సంగతి అర్థమైంది. చొక్కా తగిలించుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.

ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు సున్నంలా పాలిపోయి ఉన్నాయి.

"ఏం తినింది?"

"మందు తిన్న ఎలకని తినుంటాది సార్," అన్నాను. మందు పేరు కూడా చెప్పాను. నా భార్య తలెత్తి నా వైపు చూసింది.

ఆయన సూది వేశాడు. "రెండు రోజులు ముందు తెచ్చుంటే బతికేది," అన్నాడు.

బయటికి వచ్చాక నా భార్య అడిగింది. "మందు పేరు నీకెట్ట తెలుసు?"

"నేనే ఇచ్చినాను, పక్కింటాయనకి."

ఆమె పిల్లిని కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కింది. పిల్లి ఆ మధ్యాహ్నమే ఆమె ఒళ్లో పోయింది.

పెరట్లో గుంట తీస్తుంటే పెద్దాయన గోడ అవతల నిలబడ్డాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"నాకు తెలీకపాయ గదబ్బయా. తెలిసినోడివి, నువ్వన్నా చెప్పుండకూడదా?"

నేను మట్టి లాగుతూనే ఉన్నాను. నా భార్య వెనకే ఉంది. ఆ మాట ఆమె కూడా విన్నది.

ఇప్పటికీ అదే కొట్టులో పని చేస్తున్నాను. ఎలుకల మందు అడిగిన ప్రతివాళ్లనూ ఇంట్లోగానీ, చుట్టుపక్కల గానీ పిల్లి ఉందా అని అడుగుతాను. "పిల్లుంటే నీ మందెందుకయ్యా?" అని నవ్వుతారు చాలామంది. ఒకామె మాత్రం కాసేపు ఆలోచించి, బిళ్లలు బల్ల మీదే పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం యజమాని, "అమ్మేదానికి కూర్చున్నావా, చెడగొట్టేదానికా?" అని కసిరాడు.

నా భార్య నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మొన్న జాకెట్లు కుట్టించుకునే ఒకామె, తమ ఇంట్లో పిల్లి ఈనిందనీ, ఒక పిల్లను తెచ్చిస్తాననీ అంది.

"వద్దులే అక్కా. మా ఇంట్లో పిల్లి నిలవదు," అంది నా భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ. నా వైపు చూడలేదు.