అక్క ఎక్కని విమానం

మా అక్క విమానం ఎక్కుతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే. కిటికీ పక్కన సీటు దొరక్కపోతే తన ఊరి దగ్గరి కుండల్‌వాడి నుంచి నాందేడ్ దాకా బస్సు కండక్టరుతో పోట్లాడుతూ వచ్చే మనిషి ఆమె. "విమానంల గూడ గట్లనే లొల్లి వెడితె మధ్యల దించుడు ఉండదే" అన్నాను. అక్క నవ్వలేదు. అప్పటికే ఆమెకు నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. నవ్వు వచ్చినా పెదవులు బిగించి ఆపుకునేది.

అక్క పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా, పత్తి సీజన్ వచ్చిందంటే గింజ నుంచి దూది వేరుచేసే జిన్నింగ్ మిల్లుకు కూలికి పోయేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి జుట్టు మీద, కనుబొమ్మల మీద తెల్లగా దూది. ముసలమ్మ వచ్చిందని మేమందరం ఆట పట్టించేవాళ్లం. ఆ దూది లోపలికి కూడా పోతోందని ఎవరికీ తట్టలేదు. పొయ్యి పొగ కూడా తోడైందని నాందేడ్ డాక్టరు అన్నాడు. ఏది ఎంత పాడు చేసిందో తేల్చి చెప్పమని గట్టిగా అడిగాను. తేల్చి ఏం చేస్తారమ్మా అన్నాడాయన. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయన మీదా వచ్చింది.

ఇంట్లో కరెంటుతో నడిచే పెద్ద ఆక్సిజన్ మిషన్ ఒకటి ఉండేది. బయటికి పోవడానికి బ్యాటరీతో నడిచే చిన్నది ఇంకొకటి. ఆ చిన్నదాన్ని అక్క కూతురే పంపింది. అక్కకు ఒక్కతే కూతురు, బెంగళూరులో నర్సు. చిన్న మిషన్ సంచి భుజానికి తగిలించుకుని, ముక్కుకు గొట్టం పెట్టుకుని, అక్క వాకిట్లోకీ వీధిలోకీ, ఓపిక ఉన్న రోజు సంతకు కూడా పోయేది. కూరగాయలామెతో బేరం చేస్తూ ఆయాసం వస్తే ఆగి, ఊపిరి తీసుకుని, ఆపిన చోటి నుంచే మళ్లీ బేరం మొదలుపెట్టేది.

అలాంటి సమయంలో ఆ అమ్మాయి చూలాలు, నెలలు నిండుతున్నాయి. మాలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి. కానీ ఆ పిల్లకు రక్తపోటు ఎక్కువైంది, ప్రయాణం వద్దని అక్కడి డాక్టర్లు కట్టడి చేశారు. అత్తగారు ఎప్పుడో పోయింది, ఆ ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. పిల్ల రాలేనప్పుడు తల్లే పోవాలని అక్క పట్టు పట్టింది. పుట్టిన బిడ్డను అమ్మమ్మ కట్టి వదిలిన పాత చీరలోనే చుట్టాలని మావాళ్ల పట్టింపు. అక్క తన మెత్తటి నూలు చీరలు చింపి, ఉతికి, ఎండబెట్టి, మడతలు పెట్టి కూర్చుంది.

"నీకే దిక్కు లేదు, నువ్వు పోయి పురుడేం జేస్తవే?" అని కసిరాను.

"ఏం జెయ్య. పిల్లను ఒక్కసారి ఒళ్ల వెట్టుకుంట. గంతే" అంది.

అంతకంటే ఆమె ఏమీ కోరలేదు. ఆ కోరికతోనే మిగతా కథంతా నడిచింది.

రైల్లో అయితే బెంగళూరుకు ఒక పగలూ ఒక రాత్రీ. పెట్టెలో ఉన్న ప్లగ్గులు ఫోన్లకే సరిగా పని చేయవు, అందులో ఈమె ప్రాణం ఎలా పెడతారని డాక్టరు ఒప్పుకోలేదు. అంబులెన్సులో అంత దూరం కుదుపులు పనికిరావన్నాడు. విమానమైతే దగ్గర దగ్గర గంటన్నర. దానికైతే సంతకం చేస్తానన్నాడు, ప్రయాణమంతా నడిచి ఇంకా కొంత మిగిలేంత బ్యాటరీ ఉండాలన్న షరతు మీద. నేను నాందేడ్‌లో మరాఠీ బడిలో పంతులమ్మను. కాగితాల పని నా మీద పడింది. మిషన్ కంపెనీ పేరు, మోడల్, డాక్టరు సర్టిఫికెట్ అన్నీ పంపితే, విమానం వాళ్లు సరేనని జవాబిచ్చారు. నేను కూడా అక్కతో పోవాలని టికెట్ తీసుకున్నాను.

చిక్కల్లా బ్యాటరీలతో వచ్చింది. చిన్న మిషన్‌కు రెండున్నాయి, రెండూ ముసలివైపోయాయి. పూర్తిగా చార్జింగ్ పెట్టినా సంతకు పోయి వచ్చేలోపే గీ మని కూత పెట్టేవి. కొత్తవి బయటి దేశం నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు అమ్మినవాళ్లు. కాన్పు వాళ్ల కోసం ఆగదు కదా.

అప్పుడు మా బావకు ఉపాయం తట్టింది. బావ రైతు. మా వైపు పత్తికీ సోయాకూ మందు కొట్టే పంపులు ఇప్పుడు వీపుకు తగిలించుకునే బ్యాటరీ పంపులే. రెండు మూడు సీజన్లకు వాటి బ్యాటరీలు దిగిపోతాయి. మావాళ్లెవరూ వాటిని పారెయ్యరు. కుండల్‌వాడిలో ఒకతను వాటిని విప్పి, లోపలి పాత సెల్లు తీసేసి, కొత్త సెల్లు అతికించి, పైన నీలం ప్లాస్టిక్ తొడుగు వేసి వేడి గాలితో బిగదీసి ఇస్తాడు. దాన్ని బ్యాటరీ నింపించడం అంటారు. పంపు బ్యాటరీ నింపినవాడు అక్క బ్యాటరీ ఎందుకు నింపడు? బావ రెండింటినీ పట్టుకుపోయాడు. కంపెనీ వాళ్ల గట్టి డబ్బా విప్పేటప్పుడే పగిలిపోయింది. దాని మీదున్న అంకెలూ అక్షరాలూ దాంతోపాటే చెత్తలోకి పోయాయి.

తిరిగొచ్చాక బావ మొహం చూడాలి. మిషన్ నడిపించి, దాని పక్కనే మంచం వేసుకుని, పంటకు కావలి ఉన్నట్టు పొద్దంతా కూర్చున్నాడు. అది ఆగనే లేదు. "కంపెనోడు ఇచ్చినప్పుడు గూడ గింతసేపు నడువలే, సూస్తున్నవా?" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఆ దసరాకు కొడవళ్లకూ పంపుకూ పెట్టినట్టే ఆ రెండు బ్యాటరీలకూ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అక్క కోసం బావ అంత మురిసిపోతూ చేసిన పని ఇంకొకటి నేను చూడలేదు.

ప్రయాణం రోజు బావ మమ్మల్ని జీపులో విమానాశ్రయానికి తెచ్చాడు. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు గనక కటకటాల బయట నిలబడ్డాడు. నేను అక్క చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి పోయాను. చిన్న విమానాశ్రయం, గురుద్వారా దర్శనం చేసుకుని తిరిగి పోయేవాళ్లే ఎక్కువ మంది. పెద్ద సంచుల్లో పవర్ బ్యాంకులు పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి అని అక్కడి మనుషులు అరుస్తున్నారు. మా ముందున్న పెద్దాయన సంచి అంతా తిరగేసి టార్చి లైటు బయటికి తీశాడు. అక్క అదంతా సినిమా చూసినట్టు చూస్తోంది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా కాగితాలు చదివి, అన్నీ సరిగా ఉన్నాయంది. మిషన్ చూపించమంది. బ్యాటరీలు చూపించమంది. ఒకటి మిషన్‌లో నడుస్తోంది, రెండోదాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. నీలం తొడుగు, దాని మీద కుంకుమ బొట్టు. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, నా వైపు కాక అక్క వైపు చూస్తూ మెల్లగా మరాఠీలో అంది: "కాకూ, హీ బ్యాటరీ చాల్ణార్ నాహీ."

పిన్నీ, ఈ బ్యాటరీ నడవదు అంటోంది. నడుస్తుందమ్మా, పొద్దంతా నడిచింది, కావాలంటే ఇప్పుడే చూడు అని నేను నడుస్తున్న మిషన్ చూపించాను. ఆమె తన పై అధికారిని పిలిచింది. ఆయన హిందీలో అడిగాడు, లోపల ఏ సెల్లు వేశారు, దీని శక్తి ఎంత, ఎక్కడ రాసి ఉంది, ఎవరు చేశారు అని. చివరిదానికి మాత్రమే నా దగ్గర జవాబుంది. మందు కొట్టే పంపుల బ్యాటరీలు చేసే అతను అని చెప్పాను. చెప్తుంటే నాకే వినడానికి బాగా లేదు.

అయినా ఊరుకోలేదు. ఇంతమంది సంచుల నిండా పవర్ బ్యాంకులు పోతున్నాయి, ఊపిరాడని మనిషి బ్యాటరీయే బరువైందా మీకు అని అరిచాను. వరుసలో ఉన్నవాళ్లందరూ మా వైపు తిరిగారు. ఆయన గొంతు పెంచలేదు. వాటి మీద కంపెనీ రాసిన లెక్క ఉంటుంది మేడం, దీని మీద ఏమీ లేదు అన్నాడు. లిథియం బ్యాటరీ లోపల తేడా వచ్చి అంటుకుంటే నీళ్లు పోసినా ఒక పట్టాన ఆరదు. రోడ్డు మీదైతే బండి ఆపి దూకుతాం, పైన ఎక్కడికి దూకుతాం అన్నాడు. మీ దగ్గర ఆక్సిజన్ ఉండదా అన్నాను. అది ఆపదకే, ప్రయాణమంతా ఇవ్వడానికి కాదట.

అక్కకు హిందీ వచ్చు. అంతా విన్నది. కుర్చీలో ముందుకు వంగి, కౌంటర్ అంచు పట్టుకుంది.

"గంటన్నరనే గద బిడ్డా? గయ్యి ఈడనే వెట్టి పోత. ఊపిరి బిగవట్టుకోని కూసుంట. నన్ను ఎక్కనియ్యి."

తెలుగులో అంది, ఆ అమ్మాయికి తెలుగు రాదు. నన్ను చెప్పమంది. నేను ఎలా చెప్పను? కానీ అక్క తన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి ఆపి చూపించేసరికి ఆ పిల్లకు అర్థమైంది. కళ్లనీళ్లు పెట్టుకుని లోపలి గదిలోకి పోయింది. అధికారి మాత్రం అక్కడే నిలబడ్డాడు. వద్దమ్మా అన్నట్టు తల ఊపాడు.

మేము బయటికి వచ్చేసరికి బావ ఇంకా కటకటాల దగ్గరే ఉన్నాడు. విమానం లేచేదాకా చూసి పోదామనుకున్నాడట. అక్క దూరం నుంచే అంది, "డాక్టర్ కాయిదం సక్కగ లేదట. ఇంకోపారి రమ్మన్నరు." ఎంత తొందరగా ఆ అబద్ధం అల్లిందో. బావ ఆమె మాట వినలేదు. నా చేతిలో సంచి బయట విడిగా ఉన్న బ్యాటరీని చూశాడు. దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు.

కాన్పు దగ్గరపడ్డాక కొత్త బ్యాటరీలు వచ్చాయి. అప్పటికి అక్క మంచం మీదే కూర్చోలేకపోతోంది, ఈ స్థితిలో విమానానికి సంతకం చేయనని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో, అదే కుండల్‌వాడి అతను నింపిన పంపు బ్యాటరీ ఒకటి చార్జింగ్‌లో ఉండగా పేలి, గోడ నల్లగా మాడి, బియ్యం సంచులు కాలిపోయాయి. మనుషులకేమీ కాలేదు. బావ సైకిల్ మీద పోయి ఆ గోడ చూసి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకైతే అప్పటిదాకా తిట్టుకోవడానికి విమానం వాళ్లన్నా ఉండేవాళ్లు. ఇక వాళ్లూ లేకుండా పోయారు. ఎవరి తప్పూ లేకుండా ఒక మనిషికి ఇంత అన్యాయం జరుగుతుందా అంటే, జరుగుతుంది. నేను చూశాను.

కాన్పుకు నేనే రైల్లో బెంగళూరు పోయాను, అక్క మడతపెట్టిన పాత చీరలు తీసుకుని. ఆడపిల్ల పుట్టింది. ఆ చీర ముక్కలో చుట్టి నా ఒళ్లో పెట్టారు. అక్క కూర్చోవాల్సిన చోట నేను కూర్చున్నానని తెలుస్తూనే ఉంది, నా చేతులు నావి కానట్టే ఉన్నాయి. ఫోన్‌లో అక్కకు చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత, ఫోన్ పిల్ల ముక్కు దగ్గర పెట్టమంది.

"ఇనవడ్తలేదు" అంది. "ఈ మిషన్ సప్పుడుకు ఏం ఇనవడ్తలేదు. జర బందువెట్టున్రి."

వద్దే అని నేను ఇక్కడి నుంచి అరుస్తున్నాను. అక్కడ బావ ఏమంటున్నాడో తెలియలేదు. అంతలో ఫోన్‌లో ఆ గుర్రుమనే మోత ఆగిపోయింది. గొట్టం తీసేసి అక్క చెవిని ఫోన్‌కు ఆనించింది. పిల్ల ఊపిరి ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. ఆమె ఊపిరి మాత్రం నాకు వినపడింది, గీరుకుంటూ, ఆగుతూ. అక్క కూతురు మొహం గోడకు తిప్పుకుని, "మిషన్ వెయ్యి బాపూ, మిషన్ వెయ్యి" అని తండ్రిని బతిమాలుతూ ఏడ్చింది. మళ్లీ మోత మొదలైంది.

అక్క ఆ చలికాలం దాటలేదు. పిల్లకు మూడో నెల వచ్చాక తీసుకొస్తామనుకున్నాం, రెండో నెలలోనే పోయింది. కర్మలకు అక్క కూతురు పిల్లను ఎత్తుకుని వచ్చింది. వాకిట్లో మంచం మీద బావ కూర్చుని ఉంటే, పిల్లను తెచ్చి ఆయన ముందు చేతులు చాపింది.

"ఎత్తుకో బాపూ."

బావ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ అవ్వ ఎత్తుకోలే బిడ్డా. నేనెట్ల ఎత్తుకుంట?"

పిల్లకు ఇప్పుడు నడక వచ్చింది. మొన్న వచ్చినప్పుడు తడబడుతూ పోయి ఆయన మోకాలు పట్టుకుని నిలబడింది. పడిపోకుండా ఆయన కాలు కదపకుండా కూర్చున్నాడు, అంతే. ఇంకా ఎత్తుకోలేదు.