గట్టిగా బిగించిన స్కీలు

నేపర్‌విల్‌లో పొద్దుటి నుంచీ మంచు కురిసింది. నేను రూమ్మేట్ శీను మంచుకొండ మీద జారడానికి కొన్న పాత స్కీలు బాగుచేస్తూ కూర్చున్నాను. పగుళ్ళకి జిగురు పెట్టాను. బూటుని పట్టి ఉంచే క్లిప్పు వదులుగా ఉంటే, పొలంలో మోటారు నట్లు బిగించిన అలవాటుకొద్దీ, ఇక తిరగనంతగా బిగించాను.

"అన్నా, కొండమీద ఊడిపోదు కదా?" అన్నాడు శీను.

"నీ కాలు ఊడినా ఇది ఊడదురా."

ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం ఈ మాట చెబితే పక్కింటి అంకుల్ నవ్వలేదు. మనిషి పడగానే బూటు దానంతటది ఊడిరావాలట, లేకపోతే కాలు విరుగుతుందట. అప్పటినుంచి ఫోన్ చేస్తున్నాను, శీను ఎత్తడం లేదు. ఇక జోకులు మానేస్తాను. విస్కాన్సిన్ స్కీ కొండల దగ్గర మనవాళ్ళెవరైనా ఉంటే, వాణ్ణి ఆపి నాకు చెప్పండి.

శీను ఒక్కడే, ఒంటిగంటకి బయల్దేరాడు.