తాయిలం ఎవరికి?

నేను చెప్పేది పాలిటిక్స్. మా కాలేజీలో ఆ సబ్జెక్టుకి పిల్లలు దొరకడమే గగనం. అలాంటిది ఆ రోజు సెమినార్ హాలు కిటకిటలాడిందంటే మధ్యాహ్నం బిర్యానీ పెడతామన్నారు కనుక! వచ్చినాయన ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. పొరుగు దేశాలు ఎన్నికలు జరిపితే మనం వాళ్ళకి రోడ్లు వేయించాలి, అప్పులివ్వాలి, జరపకపోతే అన్నీ ఆపేయాలి, ప్రజాస్వామ్యం దానంతటదే దారికొస్తుందని ఇంగ్లీషులో దంచుతున్నాడు. దాన్ని తెలుగులో చెప్పే పని నాకు అంటగట్టారు. 'రాజకీయ ప్రోత్సాహకాలు' అంటే వెనక బెంచీలు నిద్రపోతాయని 'తాయిలాలు' అనేశాను. హాలంతా గొల్లుమంది.

ఒక్కమ్మాయి నవ్వలేదు. బర్మా పిల్ల. మా దగ్గరే డిగ్రీ చదువుతూ, గుణదలలో మా మేడ మీద గదిలో అద్దెకుంటోంది. వాళ్ళ మామ్మ తెలుగావిడ కావడంతో మన మాటలు బాగానే వచ్చు. తమ్ముడు అక్కడ జైల్లో ఉన్నాడు. వాణ్ణెప్పుడు వదులుతారా అన్న ఆలోచన తప్ప పాపం ఆ పిల్లకి వేరే లోకం లేదు.

సాయంత్రం సిటీ బస్సులో నా పక్కనే కూర్చుంది.

"తాయిలం ఏడ్చేవాళ్ళకి కదండీ మేడం పెడతారు? మా మామ్మ అలాగే పెట్టేది."

"అవునమ్మా."

"మరి ఈయనగారేంటండీ, ఏడిపించేవాళ్ళకి పెడతానంటున్నారు?"

ఆ మాట ఎంచుకున్న నా మీద, ఎంచుకునేలా మాట్లాడిన ఆయన మీద ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళకి టీవీలో వార్త. బర్మాలో సైన్యం ఎన్నికలు పెడుతోందట. పొరుగు ప్రభుత్వాలు శభాష్ అన్నాయట, ఆగిన సాయం మళ్ళీ మొదలెడతాయట. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి గబగబా మెట్లెక్కాను. పోనీలే, ఆ పెద్దమనిషి మాటే నెగ్గింది, నా ముక్కు తెగితే తెగింది అనుకున్నాను.

"ఏమ్మాయ్, విన్నావా? ఎన్నికలొస్తున్నాయి. ఇక మీవాణ్ణి వదిలేస్తారే!"

ఆ పిల్ల డాబా మీద బట్టలారేస్తోంది. తడి చున్నీ పిండి తీగ మీద వేసింది. పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసిందట. కొందరిని వదిలారు గానీ వాళ్ళలో తమ్ముడు లేడట.

"వాణ్ణెందుకు లోపలేశారో మీకెప్పుడూ చెప్పలేదు కదండీ," అంది.

"ఏం చేశాడే?"

"ఎన్నికలు పెట్టమని బజార్లో అరిచాడండీ."