డెబ్బై ఐదుకు రాగానే పోదాం

ముందు పోయినవాటి లెక్క చెప్పేస్తాను. నా ఒంటి మీంచి తొమ్మిది కిలోలు. బెల్టులో మూడు బొక్కల దూరం (నాలుగోది నేనే మేకుతో పొడుచుకున్నాను). నడుము దగ్గర నిలవనని మొరాయించిన ప్యాంట్లు రెండు. సద్దుల బతుకమ్మనాటి సత్తుపిండి ముద్దలు, తక్కువలో తక్కువ పన్నెండు. ఒక పెళ్లి భోజనం; అందరూ బగారన్నం తింటుంటే నేను దోసకాయ ముక్కలు నమిలి కవరు చదివించి వచ్చాను. మా వంట మేస్త్రితో మాటలు, పదిహేను రోజులు. మొత్తం మీద నాలుగు నెలల కాలం. ఇవి కాక ఇంకొకటి కూడా పోయింది కానీ దాన్ని నేను అప్పుడు ఏ గడిలోనూ రాయలేదు. ఎందుకు రాయలేదన్నదే ఈ కథ.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో మా యూనివర్సిటీ క్యాంపస్‌లో లెక్క పెట్టని మనిషి లేడు. నీళ్లు ఎన్ని పోయాయి, కొలువులు ఎన్ని రావాలి, రాష్ట్రం ఎన్ని నెలల్లో వస్తుంది అని చెట్టు కింద ఇద్దరు నిలబడితే చాలు, లెక్కలే. నేను హాస్టల్ మెస్సులో స్టోర్ కీపర్‌ని. ఇంటర్ లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి చదువు మానేసినవాణ్ని. నాకు లెక్కలు వచ్చింది బియ్యం బస్తాల మధ్య, కాటా ముందు. పొద్దున ఎంతమంది తింటారో హాజరు రాసుకోవడం, దాన్ని గ్రాములతో గుణించడం, ఆ చీటీ (మెస్సులో ఇండెంట్ అంటారు) ప్రకారం సామాను తూచి ఇవ్వడం. చీటీలో లేనిది స్టోర్ గడప దాటదు. వార్డెన్ సారే వచ్చి చిటికెడు ఇంగువ అడిగినా చీటీ కావాలనేవాణ్ని. ఈ నియమం వల్ల నాకు కొంత మర్యాద, కొంత చెడ్డపేరు వచ్చాయి. రెండూ సమానంగానే ఉండేవని నా అంచనా.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. బరువు ఎనభై నాలుగు. స్టోర్ మెట్లు ఐదు ఎక్కితే ఆయాసం వస్తుందని క్యాంపస్ దవాఖానకు పోతే, డాక్టరమ్మ రక్తం తీయించి, "షుగర్ మీ గడప దాకా వచ్చి నిలబడింది. లోపలికి పిలుస్తారా, పంపించేస్తారా మీ ఇష్టం" అంది. మా ఇంటామె తండ్రి ఆ షుగర్‌తోనే కాలు పోయి, తర్వాత మనిషీ పోయాడు. అందుకని ఆ మాట విన్న రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. నేను మాత్రం తిన్నాను. (రేపటి నుంచి మానేస్తాను గదా అని.)

మర్నాడు నేను చేసిన మొదటి పని, ఇన్నేళ్లు ఎంత తిన్నానో లెక్క కట్టడం. మెస్సులో ఒక ఆచారం ఉంది. కూర దించేముందు వంట మేస్త్రి గరిటెలో కొంచెం తెచ్చి స్టోర్ కీపర్ చేతిలో వేస్తాడు, ఉప్పు చూడమని. గరిటె చివర పట్టేది నలభై గ్రాములు. పూటకు రెండు కూరలు, రోజుకు మూడు పూటలు, వెరసి రెండువందల నలభై గ్రాములు. ఏడాదికి ఎనభై ఏడున్నర కిలోలు. అంటే నేను ఏటా నా బరువుకు మించిన కూరను కేవలం ఉప్పు చూడటానికే తిన్నానన్న మాట. ఆ రోజు నుంచి గరిటె వద్దన్నాను. మేస్త్రి నొచ్చుకున్నాడు. "పన్నెండేండ్ల సంది నీ నాలుక మీద నమ్మకంతోని వండుతున్న. ఇప్పుడు నా చెయ్యి చేదయిందా అన్నా" అని పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది. నా టిఫిన్ డబ్బాలో ఉడికిన శనగలు చూసి, "గీ గుగ్గిళ్లు నీకా, బయట గుర్రం గిట్ల కట్టేసినవా?" అనేవాడు.

ఇంట్లో కూడా మెస్సు పద్ధతే పెట్టాను. మాణికేశ్వర్ నగర్‌లో మాది ఒకే గది, పక్కన వంటకు చిన్న చోటు. రాత్రి పడుకునే ముందు మర్నాటి చీటీ రాసి పొయ్యి పక్కన మేకుకు గుచ్చేవాణ్ని. జొన్నపిండి ఎనభై గ్రాములు, బీరకాయ రెండువందలు, పెసరపప్పు ముప్పై, నూనె ఒక చెంచా. మొదటి చీటీని మా ఇంటామె మేకు నుంచి తీసి చదివింది.

"ఇంట్ల గూడ ఇండెంటేనా?"

"లెక్క ఉంటే మంచిది గదా."

"సంతకం నేను పెట్టాల్నా, వేలిముద్ర వెయ్యాల్నా?"

(సంతకానికి నిజంగానే ఒక గడి గీశాను. ఆ మాట తర్వాత కొట్టేశాను.)

అయినా ఆమె ఆ చీటీ ప్రకారమే వండింది. ఒక్క పూట తప్పలేదు. అందుకు ఆమెకు ఏం కావాలని అడిగితే, పెళ్లయిన ఆరేళ్లలో ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, ముందే అనుకుని పెట్టుకున్నట్టు చెప్పింది. భువనగిరి దగ్గరి పల్లె నుంచి పట్నం వచ్చి ఆమె చూసిన పట్నం మా బస్తీ, తార్నాక కూరగాయల బండ్లు, ముషీరాబాద్‌లో వాళ్ల పిన్ని ఇల్లు, అంతే. "ఊరు చూడనీకి వచ్చినోళ్ల లెక్క రెండు రోజులు ఉందాం. కిటికీల నుంచి ట్యాంక్‌బండ్ నీళ్లు కనపడాలె. ఆ రెండు రోజులు నేను వండని అన్నం తినాలె. గంతే."

సరే అన్నాను. కానీ నా బుద్ధి చూడండి, ఏ పనికైనా ఒక అంకె కట్టనిదే నాకు నిద్ర పట్టదు. "డెబ్బై ఐదుకు రాగానే పోదాం" అన్నాను. ఆమె తల ఊపింది. ఆ రోజు నుంచి నా బరువు మీద నాకన్నా ఆమెకే ఎక్కువ ధ్యాస. సాయంత్రం నేను గడప దాటకముందే "ఎంతకొచ్చినవ్?" అనేది. నేను స్టోర్ కాటా మీద చూసుకున్న అంకె చెప్పేవాణ్ని. ఎనభై ఒకటి. డెబ్బై తొమ్మిదిన్నర. ఒక వారం అంకె కదలకపోతే ఆమె మొహం చిన్నబోయేది, మళ్లీ వెంటనే, "ఏం గాదు, దిగుతవ్" అనేది. నాలుగు నెలలకు కాటా ముల్లు డెబ్బై ఐదు మీద నిలబడింది. ఒకటికి మూడుసార్లు ఎక్కి దిగాను.

ఇక ప్రయాణం ఏ రోజు పెట్టుకోవాలన్నది. బంద్‌ల కాలం అది. గోడ మీది క్యాలెండర్‌లో నాలుగు నెలల బంద్‌లకు గుర్తులు పెట్టి చూస్తే శనివారం పడింది ఒక్కటే. కాబట్టి శనివారం పొద్దున బయల్దేరి సోమవారం పొద్దున రావాలని ఖాయం చేసి, ట్యాంక్‌బండ్ దగ్గర ఒక హోటల్లో గది చెప్పాను. పిన్ని దగ్గర చక్రాల సూట్‌కేస్ అరువు తెచ్చుకున్నాం. ఆమె చిలకపచ్చ చీర కట్టుకుంది. క్యాంపస్ రోడ్డు మీద ఆ చక్రాలు గరగరలాడుతుంటే పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లంతా మావైపే చూశారు. "ఒక్క మాట. గీ రెండు రోజులు లెక్కలు బంద్" అంది. ఒప్పుకున్నాను. తార్నాకలో బస్సు పట్టుకుని సికింద్రాబాద్, అక్కణ్నుంచి ట్యాంక్‌బండ్. పదింటికల్లా గదిలో ఉండాలి.

తార్నాక చౌరస్తా చేరేసరికి బస్సులు లేవు. రోడ్డుకు అడ్డంగా ఇటుకలు పేర్చి పొయ్యిలు పెడుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి, నడిరోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తినడం. బంద్ కాదు కాబట్టి నా క్యాలెండర్ గుర్తుల్లో దానికి చోటే లేదు. ఆటోవాణ్ని అడిగితే "సాయంత్రం దాంక ఏ బండి కదలదన్నా" అని సీటు మీద కాళ్లు చాపుకున్నాడు.

"ఏం జేద్దాం?" అన్నాను.

"నువ్వే చెప్పు" అంది ఆమె. గొంతులో ఏమీ లేదు. కోపం ఉంటే బాగుండేది.

అంతలో మా హాస్టల్ పిల్లలు నన్ను చూడనే చూశారు. "అరే, స్టోర్ అన్న వచ్చిండురా" అని నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకడి చేతిలో గరిటె, ఇంకొకడి మొహం మీద మసి. "అన్నా, నాలుగు వందల మందికి బియ్యం ఎంత పొయ్యాలె? వీడు నలభై కిలోలంటుండు, వాడు నూట యాభై అంటుండు." నేను ఇంటామె వైపు చూశాను. ఆమె ఫ్లైఓవర్ గోడ వైపు చూస్తోంది. నలభై అన్నవాడి మాట నెగ్గితే సగం మంది పస్తుంటారు, నూట యాభై అన్నవాడి మాట నెగ్గితే సగం అన్నం రోడ్డు పాలవుతుంది. ఇది తెలిసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. "మెస్సుల అయితే మనిషికి నూట యాభై గ్రాములు. పొద్దటి సంది అరుస్తున్నరు గాబట్టి రెండువందలు ఏసుకోండి. ఎనభై కిలోలు. నాలుగు గుండిగలల్ల ఇరవై ఇరవై" అన్నాను. ఆ తర్వాత పప్పెంత, చింతపండెంత, నీళ్లెన్ని అని ఒకటి తర్వాత ఒకటి. ఎప్పుడు చొక్కా చేతులు మడుచుకున్నానో తెలియదు. ఆడపిల్లలు ఇద్దరు ఆమెను కూడా పిలవబోయారు.

"అక్కా, జర ఈ పోపు సంగతి చూస్తవా?"

"ఇయ్యాల నేను వండ" అంది ఆమె, సూట్‌కేస్ మీద కూర్చుంటూ. "కావాలంటే ఆయనను అడుగుర్రి. ఆయనకు గ్రాముల్తో సహా తెలుసు."

గంటన్నర గడిచింది. పప్పుచారు దించాక ఒకడు అలవాటుగా గరిటె నా ముందుకు చాపితే, అప్పుడు గుర్తొచ్చింది నాకొక భార్య ఉందని. తిరిగి చూస్తే ఆమె సూట్‌కేస్ మీదే ఉంది. ఒళ్లో విస్తరాకు. తింటోంది. మైకులో ఎవరో కుర్రాడు వాటాల లెక్క చెప్తున్నాడు, ఎవరికి ఎంత రావాలో, ఎంత రాలేదో. వడ్డించే పిల్ల వచ్చి అన్నం వేసింది. ఆమె వద్దనలేదు. మళ్లీ వచ్చింది. మళ్లీ వేయించుకుంది. (లెక్కలు బంద్ అన్న మాట నాకు గుర్తుంది. అయినా నాలుగుసార్లు.) ఐదోసారి చాలని చెయ్యెత్తింది. ఎత్తగానే మణికట్టు దగ్గరి గాజులు గలగలమని జారి మోచేతి దాకా పోయాయి.

పెళ్లినాడు ఆ గాజులే సబ్బు నురగ పెట్టి ఎక్కించారు. నా కళ్లముందే.

వెళ్లి పక్కన రోడ్డు మీద కూర్చున్నాను. "ఉప్పు తక్కువున్నది. అయినా మంచిగున్నది. నేను వండలే గదా" అంది.

"ఇంట్ల ఇన్ని రోజులు నువ్వేం తిన్నవ్?"

"నువ్వు తిన్నదే. అండ్లకెల్లే ఇంత."

"నిన్నెవరు తినమన్నరు? షుగర్ నాకు గదా వచ్చేది."

"నువ్వు బీరకాయ ముంగట పెట్టుకొని మొహం ఏలాడేస్కొని కూసుంటే, ఎదురుంగ కూసొని నేను కోడికూర తినాల్నా?" చారు జుర్రుకుని అంది. "మళ్ల నీ చీటీల నా వంతు రాయలే గదా. నాలుగు దినాలు చూసిన, రాస్తవేమో అని. చీటీల లేనిది ఇయ్యనంటవని ఊకున్న."

హాజరు వేయకుండా పన్నెండేళ్లలో ఒక్క చీటీ రాసినవాణ్ని కాను. సెలవుల్లో ముగ్గురే పిల్లలుంటే ముగ్గురని రాశాను. మా ఇంటి చీటీలు నూట ఇరవై ఉంటాయి. ఏ ఒక్కదాని మీదా ఇంట్లో ఎంతమంది అన్నది రాయలేదు. నాకు ఎంత కావాలో తూచి రాశాను, అంతే. వడ్డించే పిల్లను పిలిచి నాకూ విస్తరి అడిగాను. ఆమె నా విస్తరిలోకి తొంగి చూసి, "గంత పెట్టుకోకు, మల్ల ఎనభై అయితవ్" అంది. అప్పుడు కూడా నా లెక్కే.

సాయంత్రం నాలుగింటికి దారి తెరిచారు. హోటల్ దాకా పోవచ్చు. కానీ ఆమెకు నిద్ర ముంచుకొస్తోంది. "కడుపు నిండ తిని ఎన్ని దినాలయిందో. ఇంటికి పోదాం" అంది. క్యాంపస్ రోడ్డు మీద మళ్లీ గరగరమని సూట్‌కేస్ లాక్కుంటూ వచ్చేశాం.

సోమవారం ఆమెను స్టోర్‌కు తీసుకుపోయి కాటా ఎక్కించాను. మేస్త్రి వచ్చి చూస్తూ నిలబడ్డాడు. ఆమె బియ్యం బస్తాలా మొహం పెట్టి, "నాకు గోనెసంచి తరుగు తీసెయ్యకు" అంది. నలభై ఐదు. తర్వాత కొంగు ముడి విప్పి ఒక పాత అట్టముక్క తీసింది. పెళ్లయిన కొత్తలో సికింద్రాబాద్ స్టేషన్‌లో బరువు మిషన్ ఇచ్చిన టికెట్ అది. ఇన్నాళ్లూ దాచుకుందని నాకు తెలియదు. దాని మీద యాభై ఒకటి. మేస్త్రి నా వైపు చూసి, మొదటిసారి ఏ ఎకసెక్కమూ ఆడకుండా లోపలికి పోయాడు. ఆరు కిలోలు. పోయినవాటి లెక్కలో నేను రాయనిది అదే.

"వచ్చే శనివారం పోదాం. గది మళ్ల చెప్త" అన్నాను.

"వద్దు" అంది, కాటా దిగుతూ. "యాభై ఒకటికి రాంగనే పోదాం."

ఆ తర్వాత సంగతి క్లుప్తంగా చెప్తాను. నా తొమ్మిది కిలోలు పద్నాలుగు నెలల్లో తిరిగి వచ్చేశాయి, తోడుగా ఇంకో రెంటిని కూడా తెచ్చుకున్నాయి. షుగర్ గడప దాటి లోపలికి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో మనిషిలాగే ఉంటోంది. రాష్ట్రం వచ్చింది. మేం రామంతాపూర్‌లో రెండు గదులకు మారాం. పొయ్యి పక్కన మేకు ఇక్కడా ఉంది, చీటీ రాసినప్పుడల్లా పైన ముందుగా 'హాజరు: ఇద్దరు' అని రాస్తాను. నెలకోసారి ఆమెను తూస్తాను. పోయిన ఏడు ఒక నెల యాభై కిలోల రెండువందలకు వచ్చింది. నేను హోటల్ నంబరు కూడా వెతికి పెట్టాను. ఆ వారం నుంచే ఆమె శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టింది. ఏ దేవుడికని అడిగితే నవ్వి ఊరుకుంది. నా మొహంలోకి చూస్తూ కాటా ఎక్కేటప్పుడు ఆమెకు దొరికే సంతోషం ట్యాంక్‌బండ్ కిటికీలో దొరుకుతుందో లేదో నాకు తెలియదు. ఆ లెక్క నాకు రాదు. వచ్చిన లెక్క మాత్రం రాసి పెడుతున్నాను. నిన్న పొద్దున నలభై ఎనిమిది కిలోల ఏడువందలు. ఇంకా బాకీ, రెండు కిలోల మూడువందల గ్రాములు.