హియర్ అని దిద్దిన రోజు

మన తెలుగులో ఎంత సుఖమో చూడండి. ‘జవాబు రాలేదు’ అంటాం, తప్పు జవాబుది. ‘వినపడలేదు’ అంటాం, తప్పు ఆ మాటది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘ఐ’ అంటూ ముందు నేనే నిలబడాలి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ తేడా నిరుడు గాని నాకు గుచ్చుకోలేదు.

నిరుడే నా చెవులు మందగించాయి. ఇంట్లో పిలిచే మనిషి ఒకరుంటే ఇంకా ముందే తెలిసేదేమో. ఒక్కదాన్నే ఉంటాను. కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకోవడం తప్ప ఇంట్లో చెవులతో నాకు పనేముంది? పక్క వాటాలో ఉండే మెకానిక్ భార్య ఒకరోజు గోడ మీదుగా నిలదీసింది.

“ఏందక్కా, ఎన్నిసార్లు పిలిచినా పలకవు? మా మీద కోపమా?”

నవ్వేసి లోపలికి వచ్చాను. ఆ తర్వాత ఆమె పిలవడమే మానేసింది. పొగరని పేరొస్తే రానీ అనుకున్నాను. చెవుడని తెలిస్తే కాలేజీ వాళ్ళు ఇంటికి పంపించేస్తారు. ఆ ఉద్యోగం కూడా పోతే రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషే ఉండదు. ఆ భయం నన్ను పీక్కుతినేది.

ఒకరోజు ‘జవాబు వచ్చింది’ని పిల్లలు ‘ఆన్సర్ కేమ్’ అని రాస్తే దిద్దుతున్నాను. ఉత్తరంలో వస్తే రిసీవ్, మరి నోటితో చెబితే, చెవిన పడితే ఏ క్రియ అని ఆఖరి బెంచీలో ఒక పిల్లని లేపాను. పెదకూరపాడు నుంచి బస్సులో వస్తుంది, మెత్తటి గొంతు. పెదవులు కదిలాయి. మళ్ళీ అడిగాను, మళ్ళీ కదిలాయి. మూడోసారీ అంతే. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండటం కాదు, భయం వేసింది. నోట్లో ముద్ద పెట్టుకున్నావా అని కసిరి, పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టాను.

జవాబు మీద సొంత వాక్యాలు రాసుకురమ్మంటే, మర్నాడు ఆ పిల్ల నోట్సులో మూడే ఉన్నాయి. మేడం అడిగారు. నేను మూడుసార్లు చెప్పాను. మూడోది: ‘మేడం డిడ్ నాట్ రిసీవ్ మై ఆన్సర్.’

ఎర్ర పెన్ను తీశాను. అక్కడ ఆ క్రియ తప్పు. వదిలేస్తే నా పరువు దక్కుతుంది. కానీ తప్పని తెలిసి రైటు కొట్టే అలవాటు నాకు లేదు. రిసీవ్ కొట్టేసి, పైన హియర్ అని రాశాను. ఇప్పుడది ‘మేడంకి నా జవాబు వినపడలేదు’ అయింది.

నోట్సు చేతికిస్తే చూసుకుని ఏదో అంది. క్లాసంతా మా వైపే చూస్తోంది.

“నాకు సరిగా వినపడదమ్మా. దగ్గరికొచ్చి చెప్పు” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆ పిల్ల బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా చెవి దగ్గర వంగింది.

“నిన్న నేను చెప్పింది హియరే మేడం. అట్టా రాస్తే మీకు బాగుండదని రిసీవ్ అని రాశా.”

ప్రతి అక్షరం వినపడింది. సిగ్గుతో ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.