అవ్వ టిఫిన్ డబ్బాలో కంట్రోలర్

చేవెళ్ల వైపు ఏ ఇంట్లో ఎవడు డిప్లొమా పాసైనా వాడు సాఫ్ట్‌వేర్‌లో పడిపోయినట్టేనని ఊరంతా తీర్మానించేసే రోజులవి. నల్లబ్యాగు వీపుకు తగిలించుకుని హైదరాబాద్ బస్సు ఎక్కినవాడల్లా సాఫ్ట్‌వేరే. నాకూ ఒక నల్లబ్యాగు ఉండేది. అందులో అమీర్‌పేటలో నేర్చుకున్న ఏదో కోర్సు నోట్సు, ఒక టెస్టర్, మధ్యాహ్నానికి రెండు జొన్నరొట్టెలు ఉండేవి. ఉద్యోగం మాత్రం ఉండేది కాదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి ఏడాదిన్నర దాటినా ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఉండొచ్చు కదా, ఊళ్లో ఎవరి మిక్సీ పాడైనా వెళ్లి, అది ఎందుకు పాడైందో అరగంట ఉపన్యసించి, బాగుచేయకుండా తిరిగొచ్చేవాణ్ణి. అంత గొప్ప ఇంజనీరు ఈ మండలంలో మళ్లీ పుట్టడని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

మా బాపుది మొయినాబాద్ పక్క పల్లె. అక్కడి రెండెకరాలు అమ్ముకుని, చేవెళ్లలో అవ్వ పుట్టింటి దగ్గర ఇల్లు కట్టుకున్నాం (మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం). ఆ రెండెకరాల చుట్టూ గోడ లేచింది, లోపల ఈతకొలను వచ్చింది, గేటు వచ్చింది. గేటు ముందు కాపలాకు ఒక మనిషి కావాల్సి వచ్చి, ఈ నేల గురించి బాగా తెలిసినవాడని మా బాపును పెట్టుకున్నారు. నిన్నటిదాకా నాగలి పట్టిన చోట నిలబడి, వచ్చే కార్లకు సలాం కొట్టడం ఆయన పని. నాకు ఒళ్లు మండేది. బాపుకు మండేదో లేదో తెలియదు, ఎప్పుడూ అనలేదు. ఆ ఫామ్‌హౌస్‌కు ఒక మేనేజర్ ఉండేవాడు. పొద్దున సరిగ్గా ఆరింటికి గేటు దగ్గర ఉండాలనేది ఆయన చట్టం. మొదటి బస్సు దిగి, రోడ్డు మీది నుంచి లోపలికి నడిచేసరికి ఏడవుతుంది. అందుకని మా నేల కొన్న ఫామ్‌హౌస్ సారు, తన కూతురు తొక్కి వదిలేసిన చిన్న ఎలక్ట్రిక్ స్కూటీని బాపుకు ఇచ్చేశాడు. బ్యాటరీలు చచ్చిపోయాయి కాబట్టి ఇచ్చాడు, ఉదారంగానే ఇచ్చాడులెండి. దానికి లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు. నేను బ్యాటరీలు మార్చాను. లేత గులాబీ రంగు స్కూటీ మీద, తెల్ల ధోవతి ఎగ్గట్టి, మీసాలున్న మా బాపు పోతుంటే రోడ్డు మీది జనం తిరిగి తిరిగి చూసేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

వానాకాలం రావడంతో కథ అడ్డం తిరిగింది. ఆ స్కూటీలో కాళ్లు పెట్టే పలక కింద కంట్రోలర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. బ్యాటరీలో ఉన్న కరెంటును, చక్రంలో ఉన్న మోటారుకు ఎంత కావాలో అంత అందించేది అదే. ముందుచక్రం చిమ్మిన బురదంతా నేరుగా దాని మీదే పడేది. మొదటి పెద్ద వానకు అది తడిసి మొరాయించింది, బాపుకు లేటయింది. రెండో వానకు పూర్తిగా చచ్చిపోయింది, మళ్లీ లేటు. మేనేజర్ గేటు దగ్గరే నిలబడి చెప్పాడట. "చూడు పెద్దమనిషీ, ఇది రెండోసారి. మూడోసారి లేటైతే ఇగ రావొద్దు, ఇంటికాన్నే ఉండు." ఆ ముక్క బాపు అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. అవ్వ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఇంట్లో సంపాదించే మనిషి ఆయనొక్కడే. నేను అప్పటికి ఉపన్యాసాల దశలోనే ఉన్నాను.

నా ప్రతిభను లోకానికి చూపించే ముహూర్తం వచ్చిందని నాకు అర్థమైంది. కోఠి సందుల్లో తిరిగి పాతదానికంటే పెద్ద కంట్రోలర్ ఒకటి తెచ్చాను. బండి వేగం పెరుగుతుంది, ఎత్తులు సులువుగా ఎక్కుతుంది. ఇక దానికి చుక్క నీరు తగలకూడదు. అందుకు నాకు అవ్వ స్టీలు టిఫిన్ డబ్బా కంటబడింది. పెళ్లికి వాళ్లమ్మ పెట్టిన డబ్బా, మూత మీద అవ్వ పేరు చెక్కించి ఉంటుంది. అవ్వ చర్చికి వెళ్లిన ఆదివారం దాన్ని అటక మీది నుంచి దించి, పక్కన బెజ్జం చేసి తీగలు దూర్చాను. లోపల కంట్రోలర్ పెట్టి, కలపాల్సిన తీగలన్నీ, మోటారుకు పోయే మూడు లావు తీగలతో సహా, డబ్బా లోపలే కలిపి అతికించాను. ఖాళీ అంతా నింపడానికి మైనం కావాలి. చర్చి బీరువాలో క్రిస్మస్ నాటి కొవ్వొత్తి ముక్కలు సంచెడు పడి ఉన్నాయని తెలిసి పాస్టరుగారిని అడిగాను. ఏడాదిగా చర్చి గుమ్మం తొక్కని కుర్రాడు కొవ్వొత్తులు అడిగేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి మరీ ఇచ్చాడు. (ఆ ప్రార్థన కంట్రోలర్‌కు చేసి ఉంటే బాగుండేది.) మైనం కరిగించి డబ్బా నిండా పోసి, మూత బిగించి, అంచుల చుట్టూ పైపు లీకులకు పెట్టే ముద్ద మెత్తాను. అది ఆరితే రాయి అవుతుంది.

బాపు పక్కనే కూర్చుని అంతా చూస్తున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"బిడ్డా, కింద జర బొక్క ఇడువరాదు? మన బోరు స్టార్టర్ డబ్బకు గూడ కింద బొక్క ఉండె గద."

"నీళ్లు రావొద్దని నేను చేస్తుంటే బొక్క పెట్టుమంటవేంది బాపు?"

"నీళ్లు ఎట్లనన్న వస్తయి. వచ్చినయి పోయేతందుకు తొవ్వ ఉండాలె. లోపల ఉడుకు గూడ ఎల్లాలె గద."

"అవి బోర్లు. ఇది ఎలక్ట్రానిక్స్. నీకు సమజ్ కాదు."

బాపు తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. ముప్పై ఏళ్లు బోర్ల దగ్గర, మోటార్ల దగ్గర బతికిన మనిషికి నీకు సమజ్ కాదని చెప్పాను నేను. ఇంతలో అవ్వ వచ్చి డబ్బాను గుర్తుపట్టింది. "అరేయ్, అది మా అవ్వ పెట్టిన డబ్బరా. మల్ల ఎప్పుడిస్తవ్?" అంది. అది ఇప్పుడు డబ్బా కాదని, ఎన్‌క్లోజర్ అనాలని నేను బదులిచ్చాను. అవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

బయట ఇరుగుపొరుగును పిలిచి పరీక్ష పెట్టాను. బకెట్ల కొద్దీ నీళ్లు గుమ్మరించినా చక్రం తిరుగుతూనే ఉంది. మా మేనమామ చప్పట్లు కొట్టాడు. తర్వాత తొమ్మిది రోజులు ముసురు వదల్లేదు, తొమ్మిది రోజులూ బాపు ఆరింటికి ముందే గేటు దగ్గరున్నాడు. "గుర్రం లెక్క ఉరుకుతున్నది బిడ్డా," అని వచ్చి చెప్పేవాడు. గేటు దగ్గర అందరికీ చెప్పుకున్నాడట, మేనేజర్‌ను కూడా పిలిచి చూపించాడట. "మా పిలగాడు చేసిండు సార్, ఎంత వానొచ్చినా ఆగది." నేను ఆ తొమ్మిది రోజులూ కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

పదోరోజు సారు ఇంటికి చుట్టాలు వస్తున్నారని, బస్తాడు మక్క కంకులు తెమ్మని మేనేజర్ బాపుకు పురమాయించాడు. తెల్లవారకముందే ముందు బస్తా పెట్టుకుని బాపు బయలుదేరాడు. పెద్ద కంట్రోలర్, పెద్ద బరువు, ఎదురుగాలి. కొంత దూరం పోయాక మైనం వాసన మొదలైందట. "తొవ్వ పొంటి క్రిస్మస్ లెక్క వాసనొచ్చింది బిడ్డా," అని తర్వాత చెప్పాడు. మొయినాబాద్ ఇంకా ఆరేడు కిలోమీటర్లుందనగా డబ్బాలో టప్‌మని చప్పుడయి బండి ఆగిపోయింది. మామూలుగా ఆగినా బాగుండేది. లోపల భాగాలు కాలి తీగలు ఒకదానికొకటి అంటుకుంటే, ఆ మోటారే బ్రేకులా చక్రాన్ని పట్టేస్తుంది. నెడుతుంటే వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉంటుంది. ఆ మూడు లావు తీగలు ఊడబీకితే చాలు, చక్రం హాయిగా తిరుగుతుంది. అవి మైనం లోపల, రాయిలాంటి మూత కింద ఉన్నాయి. అక్కడ పెట్టింది నేనే.

బాపు గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిది దాటింది. మధ్యాహ్నానికి ఎవరిదో ట్రాక్టర్ మీద స్కూటీని వేయించుకుని ఇంటికి వచ్చాడు. చెప్పు తెగిపోయి ఉంది, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. పని పోయిందని చెప్పాడు. స్కూటీ ఆగిందని చెప్పలేదా అని అడిగితే, "నిద్ర పట్టింది, లేవలే అని చెప్పిన," అన్నాడు. నేను పెరట్లో కూర్చుని ఉలితో మూత పగలగొట్టాను. నల్లగా మాడిన కంట్రోలర్ చుట్టూ మైనం మళ్లీ గడ్డకట్టి ఉంది. వెతికి వెతికి చూశాను, చుక్క నీరు లేదు. నేను వేసిన సీలు వందకు వంద మార్కులతో పాసైంది. బాపు చెప్పిన ఉడుకే దారి లేక లోపల ఉండిపోయింది.

కథ ఇక్కడితో అయిపోయినా నేను ఎలాగో తట్టుకునేవాణ్ణి. వారం తర్వాత, ఆ దారిలో రోజూ పాలు తీసుకుపోయే వ్యానన్న సంతలో కనపడి నా మీద కేకలేశాడు. "మీ బాపుకు ఏమన్న తిక్క లేసిందా? ఆ పొద్దు నేను వ్యాను ఆపిన. బండి ఆడ పక్కకు పెట్టి ఎక్కు పెద్దమనిషీ, కంకులు గూడ ఎక్కియ్యి, పది నిమిషాల్ల దించుత అన్న. ఎక్కలే. నూకుకుంటనే పోయిండు." నేను ఇంటికి పరుగున వచ్చి బాపు మీద అరిచాను. సిగ్గులేకుండా నిజంగానే అరిచాను. వ్యాను ఎక్కి ఉంటే పని మిగిలేది కదా, ఆ తుక్కు బండిని రోడ్డు పక్కన పారేయకపోయావా అన్నాను. బాపు మంచం నవారు బిగిస్తున్నాడు. 

"నువ్వు చేసింది గద బిడ్డా. రోడ్డు మీద ఎట్ల ఇడిసిపెట్టి పోత? ఎవడన్న ఎత్కపోతే?"

నేను పెరట్లోకి వెళ్లి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. ఆ తర్వాత బాపు ఏ గేటు దగ్గరా పనికి కుదరలేదు. ఆ వయసులో ఇతరుల చేన్లకు కూలికి పోయాడు. ఇన్నేళ్లయినా నా మీద నాకు ఆ కోపం పోలేదు, పోవాలని కూడా లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం నా జోలికి రాకుండా తప్పించుకుంది.

ఇప్పుడు మొయినాబాద్‌లో రేకుల షెడ్డు వేసుకుని ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేస్తున్నాను. వానాకాలం ముందు నా దగ్గర జనం క్యూ కడతారు. ప్రతి కంట్రోలర్ పెట్టెకూ పైన గొడుగులా రబ్బరు వేసి, తీగలు చేతికందేలా బయట పెట్టి, అడుగున పెన్సిలు పట్టేంత రంధ్రం వేస్తాను. "నీళ్లు పోవద్దని తెస్తే బొక్క కొడుతున్నవేందన్నా?" అని ప్రతివాడూ అడుగుతాడు. బాపు షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. బండి బయటికి పోయే ముందు లేచి, వంగి, పెట్టె అడుగున వేలు పెట్టి తడుముతాడు. "ఉన్నది, పోనియ్యి," అంటాడు. అవ్వ డబ్బాలో ఇప్పుడు నా నట్లు, బోల్టులు ఉంటాయి. అవ్వ వచ్చినప్పుడల్లా ఎప్పుడిస్తావని అడుగుతూనే ఉంటుంది.

ఆనాటి ఆ డిప్లొమా కుర్రాడు నల్లబ్యాగు తగిలించుకుని ఇవాళ పని అడగడానికి నా షెడ్డుకు వస్తే, రెండు ముక్కలు మాట్లాడనిచ్చి గుమ్మంలోనే వెనక్కి పంపేస్తాను. అందులో నాకే అనుమానమూ లేదు. కాకపోతే నేను అటు తిరగ్గానే బాపు వాణ్ణి పిలిచి, తన స్టూలు వాడికిచ్చి కూర్చోబెడతాడు.